మా ఊరికి సైకిలే సరి

బిస్సమ్ కటక్‌లో బజారు, బడి, ఆసుపత్రి, బ్లాకు ఆఫీసు, పోస్టాఫీసు, మార్కమా అమ్మవారి గుడి. వీటిలో ఏ రెండింటి మధ్య దూరమైనా తీరిగ్గా సైకిలు తొక్కేవాడికి పావుగంట. అలాంటి ఊళ్లో ఇవాళ ఉప్పు పొట్లానికి మోటారు బండి తీస్తున్నారు. బండి స్టార్టు చేసి, వీధంతా మోత పుట్టించి, కొట్టు ముందు ఇంజను ఆపకుండానే కేకేసి, పొట్లం అందుకుని వెనక్కి తిప్పుకొస్తున్నారు. మా మనవడూ అంతే. "సైకిలు తియ్యరా" అంటే "టైము లేదు తాతా" అంటాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఫోను చూస్తాడు. మిగిల్చిన ఆ పది నిమిషాలూ ఎటు పోయాయిరా అంటే జవాబుండదు.

సైకిలుకు అనువైన నగరాలంటూ పత్రికల్లో ఇప్పుడు పెద్ద పెద్ద ఫోటోలతో వ్యాసాలు వేస్తున్నారు. ఫలానా దేశంలో రోడ్డుకు రంగు వేశారట, ఫలానా చోట సైకిళ్లకు వంతెన కట్టారట. చదివి సంతోషిస్తాను. కానీ ఒక మాట చెప్పి తీరాలి. మా రోజుల్లో మా ఊరు అచ్చంగా అదే. ఎవరూ పథకం పెట్టలేదు, శంకుస్థాపన చెయ్యలేదు. దూరాలు చిన్నవి, రోడ్డు నెమ్మది, దారికి ఇరుపక్కలా చెట్లు, పాడైతే బాగుచేసే మనిషి పిలుపు దూరంలో. సైకిలుకు ఇంతకంటే ఏం కావాలి? ఉన్నదాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకున్నాం. నా బాధ అదీ.

మా తాత పార్వతీపురం వైపు నుంచి చింతపండు, అడ్డాకుల వ్యాపారం మీద ఈ కొండల్లోకి వచ్చాడు. అప్పటికిది మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. జయపురం మహారాజుల కింద తాట్‌రాజాలు ఏలిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ప్రాంతం కోరాపుట్ జిల్లాగా అటు చేరింది. 1992లో కోరాపుట్‌ను విడదీసి రాయగడ జిల్లా చేశారు. సర్కార్లు మారాయి గానీ వీధిలో మాటలు మారలేదు. ఒడియా, తెలుగు, కువి, దేశియా, నాలుగూ ఒకే అరుగు మీద వినిపించేవి. ఇప్పటికీ వినిపిస్తాయి, మోటారు మోత ఆగితే.

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు లైను 1931 ప్రాంతంలో పూర్తయింది. మా ఊరి సైకిళ్లు ఆ రైల్లోనే వచ్చేవి, బ్రేకు వ్యానులో, పెడళ్లు విప్పి, గోనెపట్టా చుట్టి. ఎవరింటికైనా కొత్త సైకిలు దిగితే స్టేషను నుంచి ఇంటిదాకా నడిపించుకునే వచ్చేవారు, అందరూ చూడాలని. కడ్డీకి చుట్టిన కాగితం నెలరోజులు తీసేవారు కాదు.

రాలీ అంటే ఓ హోదా. స్వాతంత్య్రం వచ్చాక అసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ వాటిని తయారు చేసేది. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ నుంచి హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ వచ్చేవి. సోనీపత్ నుంచి అట్లాస్, లూధియానా నుంచి హీరో. అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడు రాలీ కావాలంటే మామగారు హెర్క్యులిస్ దగ్గరికి బేరం దించేవాడు. హెర్క్యులిస్ తక్కువదేం కాదు. రెండు బస్తాల చింతపండు కేరియర్ మీద వేసినా రిమ్ము వంకరపోయేది కాదు. ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న మూతపడిందని చదివినప్పుడు ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ సైకిలు దినోత్సవం అని పెట్టిన రోజే అది!

మైదానం ఊళ్లలో మునిసిపాలిటీలు సైకిళ్లకు ఏటా పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోతే జవాను ఆపేవాడు. రాత్రి దీపం లేకపోతే జరిమానా, డబుల్స్ ఎక్కితే జరిమానా. అప్పట్లో అందరం విసుక్కున్నాం. ఇప్పుడాలోచిస్తే అందులో ఓ మర్యాద ఉందనిపిస్తుంది. సైకిలును సర్కారు ఒక బండిగా లెక్కపెట్టింది, రోడ్డు మీద దానికో హక్కు ఉందని ఒప్పుకుంది. ఇప్పుడు పన్నూ లేదు, హక్కూ లేదు.

నేర్చుకోవడం అద్దె సైకిలు మీదే. గంటకింతని చీటీ మీద టైము రాసి ఇచ్చేవాడు కొట్టాయన. సీటు అందేది కాదు గనక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఓ పక్కకు వాల్చి తొక్కేవాళ్లం. మోకాళ్ల మీద ఆ మచ్చలు లేని మగాడు మా ఈడువాళ్లలో ఉండడు. గంట అయిపోవస్తుంటే తిరుగుదారిలో పెట్టే పరుగు చూడాలి! ఒక్క నిమిషం దాటితే ఇంకో అరగంట డబ్బు పడుతుందని భయం. గంట విలువ నాకు మొదట నేర్పింది బడి కాదు, ఆ సైకిలు కొట్టే.

ఆ కొట్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఊరు సైకిలు మీద నడిచిందంటే ఆయన వల్లే. చింతచెట్టు కింద తాటాకు పందిరి. ఓ తొట్టెలో నీళ్లు, పక్కన గాలి పంపు, గోడకు వేలాడే పాత టైర్లు, గ్రీజు పట్టిన చెక్కపెట్టె. ట్యూబులో గాలి కొట్టి నీళ్ల తొట్టెలో ముంచి తిప్పితే ఎక్కడో బుడగ లేచేది. అక్కడ బొటనవేలు అదిమిపెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి నోటితో ఊది ఆరనిచ్చి, రబ్బరు ముక్క అతికించి సుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు. టైరు లోపల వేళ్లు పెట్టి తడిమి ముల్లు బయటికి తీసి మన చేతిలో పెట్టేవాడు, "ఇదిగో దొంగ" అని. మా దార్లలో రేగుముళ్లు ఎక్కువ.

ఏడాదికోసారి ఓవరాయిలింగు. చక్రాలు విప్పి, కోనులు, గోళీలు కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, పుల్లలు ఒక్కొక్కటే బిగించి, రిమ్ము తిప్పి కన్ను చికిలించి వంకర చూసేవాడు. అంతా పూర్తయ్యాక సైకిలును తలకిందులు చేసి పెడలు ఒక్కసారి తిప్పి వదిలితే వెనక చక్రం మనం టీ తాగి వచ్చేదాకా తిరిగేది. అంత పని చేసినా ఆయన పుచ్చుకునేది ఓ పూట కూలి. పైగా చిన్న చిన్న రిపేర్లు మనకే నేర్పేవాడు. చైను ఊడితే ఎలా ఎక్కించాలి, వాల్వు ట్యూబు ఎలా మార్చాలి, బ్రేకు రబ్బరు అరిగిందని ఎలా తెలుస్తుంది. బండిని తన చేత్తో తాను బాగుచేసుకోగలిగిన మనిషికి ఓ ధీమా ఉంటుంది. ఈనాటి మోటారు బండికి ఏమైనా వస్తే రాయగడ షోరూముకి తోలాలి. వాళ్లేం మార్చారో, బిల్లెందుకంత అయిందో అడిగినా చెప్పరు.

ఆ పందిరి ఇప్పుడు లేదు. ఆయన పోయాక కొడుకు మొబైల్ రీచార్జి కొట్టు పెట్టుకున్నాడు. పంక్చర్ వేసేవాళ్లున్నారు, మోటారు బండ్లకి. సైకిలు తీసుకెళ్తే "అక్కడ పెట్టండి బాబూ, సాయంత్రం చూస్తాను" అంటారు.

మా రోజుల్లో సైకిలెక్కనిదెవరు? పోస్టుమాన్ సైకిలు మీదే, అమీను సైకిలు మీదే, కరెంటు వచ్చాక లైన్‌మాను భుజాన తీగచుట్ట వేసుకుని సైకిలు మీదే. మా బడి హెడ్‌మాస్టారు పంచె కుచ్చిళ్లు చైనులో పడకుండా కుడికాలికి క్లిప్పు పెట్టుకుని వచ్చేవారు. ఆయన సైకిలు గంట వినిపిస్తే మైదానమంతా నిశ్శబ్దం. పుల్ల ఐసు వాడు, ఎండుచేపల వాడు, సత్తుగిన్నెల వాడు, గాజుల వాడు అందరూ సైకిలు మీదే. పల్లెల్లో ఎవరికైనా జబ్బు చేస్తే కేరియర్ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో తమ నడుముకు కట్టుకుని, ఆసుపత్రికి తెచ్చేవారు.

ఆసుపత్రి అంటే మా క్రిస్టియన్ హాస్పిటల్. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో ఇక్కడ మొదలుపెట్టారు. నేనప్పటికి చిన్నపిల్లాణ్ని. చుట్టుపక్కల కొండలన్నిటికీ ఆ రోజుల్లో అదే దిక్కు, మలేరియా ఇంటింటా ఉండేది. డెన్మార్కు పేరు నేను విన్నది ఆవిడ వల్లే. ఆ దేశం సంగతి మళ్లీ చెబుతాను.

ఇక సుఖం మాట. సైకిలు సుఖం నడకలో లేదు, మోటారులో అసలే లేదు. నడిచేవాడు అలుస్తాడు, మోటారు మీద పోయేవాడికి ఏదీ కనిపించదు. సైకిలు వేగం మనిషి కంటికీ చెవికీ ముక్కుకీ సరిగ్గా సరిపోయిన వేగం. చైత్రంలో తెల్లవారుజామున ఊరి బయటికి వెళితే ఇప్పపువ్వు వాసన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసేది. మామిడితోపు నీడలోకి దూరగానే ఒంటి మీద చల్లదనం, దాటగానే మళ్లీ ఎండ. వాన పడ్డ మర్నాడు నియమగిరి కొండలు కడిగినట్టు దగ్గరికి వచ్చి నిలబడేవి. పల్లం రాగానే పెడళ్లు ఆపేస్తే ఫ్రీవీల్ టకటకమని ఒక్కటే శబ్దం, చొక్కా నిండా గాలి. దానికి ఖర్చేమిటి? అంతకుముందు ఎక్కిన గట్టు.

పక్కపక్కన రెండు సైకిళ్లు వేసుకుని మాట్లాడుకుంటూ పోవడం ఇంకో సుఖం. నా స్నేహాలన్నీ అలా కుదిరినవే. కోమట్ల అబ్బాయి, ఒడియా మాస్టారి అబ్బాయి, నేను స్టేషనుదాకా రాయపూర్ పాసింజరు చూడ్డానికి వెళ్లి వచ్చేవాళ్లం. వెళ్లేటప్పుడు ఒక కబురు, వచ్చేటప్పుడు ఒక కబురు. పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ని కేరియర్ మీద ఒకవైపుగా కూర్చోబెట్టుకుని సంతకు వెళ్లేవాణ్ని. ఆ తర్వాత కడ్డీ మీద చిన్న సీటు బిగించి పెద్దమ్మాయిని. దారిలో ఎవరు ఎదురైనా కాలు కింద పెట్టి ఆగేవాళ్లం. ఎలా ఉన్నారు బావూ, వాన పడిందా మీ వైపు, మీ ఆవు ఈనిందా అని. మోటారు మీద పోయేవాడు చెయ్యి ఊపుతాడు. ఎవడు ఊపాడో పోల్చుకునేలోగా మలుపు తిరిగిపోతాడు.

బుధవారం చాటికోన సంత. దాని గురించి రాయకపోతే మా సైకిళ్ల కథ సగమే. డొంగ్రియా కోదులు నియమగిరి మీది ఊళ్ల నుంచి చీకటితోనే బయల్దేరి, వరసగా ఒకరి వెనక ఒకరు కొండ దిగేవారు. భుజాన కావిళ్లు, తలమీద బుట్టలు. అనాస, పసుపు, అల్లం, పనస, అరటి, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు. మగాళ్లు కూడా జుట్టు ముడి వేసి దువ్వెన గుచ్చుకునేవారు. ఆడవాళ్ల మెళ్లో పూసలు, ముక్కుకు మూడు పోగులు. మేము వ్యాపారులం సైకిళ్ల మీద పక్కనే పోతూ గంట కొట్టేవాళ్లం కూడా కాదు. కొట్టక్కర్లేదు. వాళ్లకి మా చైను చప్పుడు తెలుసు, మాకు వాళ్ల నడక తెలుసు. రోడ్డు ముందు వాళ్లది, తర్వాత ఎడ్లబండ్లది, ఆ తర్వాత మాది. ఆ వరస ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ అందరూ పాటించేవారు.

ఇప్పుడు బుధవారం పొద్దున ఆ రోడ్డు మీద నిలబడి చూడండి. కొండవాళ్లు ఇంకా నడిచే వస్తున్నారు, బుట్టలూ అలాగే ఉన్నాయి. వెనక నుంచి హారను వినిపించగానే వరస వరసంతా కాలవలోకి దిగి నిలబడుతోంది. మోటారు బండి పోతుంది, వాళ్లు పైకెక్కుతారు. ఇంకోటి వస్తుంది, మళ్లీ దిగుతారు. నెత్తిమీద అనాసపళ్ల బరువుతో ఓ ముసలావిడ అలా దిగడం, ఎక్కడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2013లో పన్నెండు పల్లెసభలు కూర్చుని మా దేవుడు నియమరాజా కొండను గనుల కోసం తవ్వనివ్వబోమని ఒక్క మాట మీద తేల్చిచెప్పిన జనం వీళ్లు. సుప్రీంకోర్టు అడిగితే, జిల్లా జడ్జి ఎదుట చెప్పారు. వాళ్లు కొండనే కాపాడుకున్నారు. చదువుకున్నవాళ్లం, ఊళ్లో ఉన్నవాళ్లం, మేము రోడ్డు పక్క మూడడుగుల మట్టిదారి కాపాడలేకపోయాం.

రోడ్డు వెడల్పయింది, నిజమే. వెడల్పయిన కొద్దీ మనుషులకు ఇరుకైంది. మట్టిదారి ఉన్నచోట ఇసక కుప్పలు, ఇటుకలు, నిలబెట్టిన ఆటోలు. చింతలూ కానుగలూ కొట్టేశారు, కొత్తవి నాటలేదు. లారీలు ఊరి మధ్య నుంచి పోతాయి, బడి వదిలే వేళ అని కూడా చూడవు. మొన్న వానాకాలంలో ఒకటి వెనకే హారను మోగించుకుంటూ వచ్చి నన్ను తారు మీంచి దింపేసింది. మోచెయ్యి చీరుకుపోయింది. నాకు తగిలినందుకు కాదు చెబుతున్నది. నా ముందు ఇద్దరు బడిపిల్లలు సైకిళ్ల మీద ఉన్నారు, వాళ్లకు తగిలితే? ఇంటికి వచ్చి చెబితే మా వాళ్లన్నదేమిటి? "ఈ వయసులో మీకు సైకిలెందుకు?" ఎవరూ లారీకి ఆ వేగమెందుకని అడగలేదు.

హాలండులో అడిగారు. అక్కడ కూడా 1950లు, 60లలో కార్లు పెరిగి సైకిళ్లను తోసేశాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల పైచిలుకు మనుషులు పోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లులూ తండ్రులూ వీధుల్లోకి వచ్చారు. పిల్లల హత్య ఆపండి, ఆ ఉద్యమం పేరే అది. అంతలో 1973 పెట్రోలు కరువు వచ్చింది. ఆదివారాలు కార్లు తియ్యకూడదన్నారు. ఖాళీ రోడ్ల మీద జనం సైకిళ్లు తొక్కి చూసుకున్నారు, ఊరు ఇలా కూడా ఉండొచ్చునన్నమాట అని. ఇప్పుడు ఆ దేశంలో మనుషుల కంటే సైకిళ్లు ఎక్కువ. యూట్రెక్ట్ స్టేషను కింద పన్నెండు వేల అయిదు వందల సైకిళ్లు పెట్టుకునే చోటు కట్టారు.

మా డాక్టరమ్మ పుట్టిన దేశంలోనూ అంతే. కోపెన్‌హాగెన్‌లో రోడ్డుకూ కాలిబాటకూ నడుమ సైకిళ్లకు వేరే దారి, గట్టు కట్టి, కారు ఎక్కడానికి వీల్లేకుండా. పొద్దున పనివేళ గంటకు ఇరవై కిలోమీటర్ల చొప్పున తొక్కుకుంటూ పోతే వరసగా అన్ని చోట్లా పచ్చదీపమే పడేటట్టు కొన్ని వీధుల్లో సిగ్నళ్లు పెట్టారు. మంచు కురిస్తే ముందు సైకిలు దార్లు ఊడుస్తారట, ఆ తర్వాతే కార్లవి. నగరంలో కాపురముండి పనికీ చదువుకీ వెళ్లేవాళ్లలో సగం మందికి పైగా సైకిలు మీదే. మంత్రులూ తొక్కుతారు, ముసలివాళ్లూ తొక్కుతారు. వాళ్లు కారు కొనలేక కాదు తొక్కేది. సైకిలైతే త్వరగా చేరతామని, హాయిగా ఉంటుందని. డబ్బున్న దేశం అనుభవించి, వద్దనుకుని, వెనక్కి తిరిగి వచ్చిన దారి అది. మనం సరిగ్గా వాళ్లు వదిలేసిన తప్పుదారిలోకి ఇప్పుడు దిగుతున్నాం, పైగా అదే అభివృద్ధి అంటున్నాం.

ఒంటికి మంచిదని నేను చెబితే ముసలాయన చాదస్తం అంటారు. నా మాట వద్దు. 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి లెక్క కట్టారు. పనికి సైకిలు మీద వెళ్లేవాళ్లలో అకాల మరణాలు, బండ్లూ బస్సుల మీద పోయేవాళ్ల కంటే 41 శాతం తక్కువ కనిపించాయి. గుండెజబ్బులూ తక్కువే, క్యాన్సర్లూ తక్కువే. మా ఊళ్లో మా నాన్నగారి తరంలో సుగరు జబ్బు అంటే ఎక్కడో జమీందార్లకు వచ్చేదనుకునేవారు. ఇవాళ నలభై దాటనివాడు కూడా మాత్రల డబ్బా జేబులో పెట్టుకుని బండి మీద తిరుగుతున్నాడు. నడవమని డాక్టరు చెప్పాడని పొద్దున్నే మైదానం దాకా మోటారు బండి మీద వెళ్లి అక్కడ నడుస్తున్నారు! అదే దూరం సైకిలు తొక్కితే మందుకు మందు, పనికి పని.

మా రోజులు అన్నిట్లోనూ గొప్పవని నేననను. వాగులకు వంతెనలుండేవి కావు. శ్రావణంలో సైకిలు భుజాన వేసుకుని దాటాలి. ఇక ఆడపిల్ల సైకిలెక్కడమన్న మాటే లేదు. మా అక్కచెల్లెళ్లలో ఒక్కరికీ సైకిలు రాదు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, పెద్దబడి దూరమని. ఈ ఒక్క విషయంలో ఈ కాలానికి నమస్కారం పెడతాను. పొద్దున తొమ్మిది దాటాక చుట్టుపక్కల పల్లెల నుంచి యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు జడలు ఊపుకుంటూ గుంపుగా సైకిళ్ల మీద బడికొస్తుంటే, ఎంత పనున్నా ఆగి చూస్తాను. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు లక్షమందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ పంతులమ్మలు. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక బడిలో చేరే ఆడపిల్లలు సుమారు 30 శాతం పెరిగారని ఆర్థికవేత్తలు లెక్కలతో చూపించారు. మా ఒడిశా ప్రభుత్వమూ హైస్కూలు పిల్లలకు సైకిళ్లిస్తోంది. ఇన్నేళ్లలో ప్రభుత్వాలు చేసిన మంచి పనుల్లో నేను దీన్ని మొదటి వరసలో పెడతాను.

పెట్టి, మళ్లీ కోపం తెచ్చుకుంటాను. సైకిలిచ్చారు, తొక్కే దారి ఇవ్వలేదు. పిల్లకు సైకిలిచ్చి లారీ పక్కన వదిలెయ్యడమేమిటి? భయపడి కొందరు తల్లిదండ్రులు ఆ సైకిలును దూలానికి వేలాడదీస్తున్నారు. కొందరు వచ్చినవాడికి అమ్మేస్తున్నారు. కొడుకు పదో తరగతి దాటగానే అప్పు చేసి మోటారు బండి కొనిస్తున్నారు, లైసెన్సు వయసు రాకముందే. వాడి ఈడు కుర్రాళ్లు ముగ్గురేసి ఎక్కి, తలకు ఏమీ పెట్టుకోకుండా, ఘాటీ మలుపుల్లో పందేలు వేస్తున్నారు. ఏ ఇంట ఏ కబురు వస్తుందోనని రాత్రిపూట గుండె దడ.

2019 నుంచి 21 దాకా చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో నూటికి డెబ్బైకి పైగా ఇళ్లలో సైకిలుందని తేలింది. దేశం మొత్తం మీద చూస్తే అది సగం ఇళ్లలోనే ఉంది. అంటే సైకిళ్లు పోలేదు, ఉన్నాయి. పోయింది గౌరవం. సైకిలు తొక్కేవాణ్ని బీదవాడని చూస్తున్నారు. పిల్లనివ్వడానికి సంబంధం చూస్తూ "ఏం బండి ఉంది?" అని అడుగుతున్నారు. బొగ్గుల బస్తా, కట్టెల మోపు సైకిలుకు కట్టి పొద్దున్నుంచీ తోసుకొచ్చిన మనిషి బజారులో దానికి చోటు దొరక్క గోడకానించి నిలబడితే, కొట్టువాడు తరిమేస్తున్నాడు. అదే స్థలంలో బుల్లెట్టు బండి నిలిపితే కుర్చీ వేస్తున్నాడు.

పట్నాల్లో ఏవో చేస్తున్నారని విన్నాను, కొన్ని చూశాను. భువనేశ్వర్‌లో 2018లో హాకీ ప్రపంచకప్పు వేళ "మో సైకిల్" అని అద్దె సైకిళ్లు పెట్టారు. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలారు పలకలు వేసి సైకిలు దారి కట్టారు. మంచిదే, కాదనను. కానీ అది ఆదివారం కారు వెనక సైకిలు కట్టుకుని వెళ్లి, తొక్కి, మళ్లీ కారెక్కి వచ్చే దారి. కూరగాయలకు, బడికి, పనికి పోయే దారి కాదు. 2006లోనే కేంద్రం నగర రవాణా విధానమని రాసింది. కదలాల్సింది మనుషులు, వాహనాలు కావని. అంత మంచి మాట రాసుకుని, ఊళ్లలో ఫ్లైఓవర్లు కట్టుకుంటూ పోయారు. మా బోటి చిన్న ఊళ్ల సంగతైతే ఏ విధానంలోనూ లేదు. సైకిలుకు నిజంగా సరిపోయేవి మాత్రం ఈ చిన్న ఊళ్లే. బిస్సమ్ కటక్, మునిగుడ, గుణుపురం, గుడారి; ఆంధ్రా వైపు పార్వతీపురం, పాలకొండ, సాలూరు. వీటిలో ఏ ఊరికీ కోట్లు ఖర్చవ్వదు. హద్దు గీసి, చెట్టు నాటి, వేగం తగ్గిస్తే చాలు.

అందుకని బ్లాకు ఆఫీసు వారినీ, పంచాయతీ పెద్దలనూ, రోడ్ల శాఖ వారినీ చేతులు జోడించి అడుగుతున్నాను. ఊరి మధ్య రోడ్డుకు రెండు పక్కలా ఇసకా ఇటుకా తీయించి మట్టిదారి మళ్లీ ఇప్పించండి. బుధవారం చాటికోన రోడ్డు మీద నడిచేవాళ్లకే ముందు దారి అని బోర్డు పెట్టి, ఓ మనిషిని నిలబెట్టండి. ఆసుపత్రి దగ్గర, బడి దగ్గర, స్టేషను దగ్గర సైకిళ్లకు నీడ ఉన్న స్టాండు, ఓ గాలి పంపు పెట్టించండి. సైకిలు రిపేరు నేర్చుకుంటానన్న కుర్రాడికి పనిముట్లు కొనుక్కోవడానికి చిన్న అప్పు ఇప్పించండి. కానుగలు, చింతలు నాటించండి, వచ్చే తరానికైనా నీడ ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రభుత్వమిచ్చిన సైకిలును దూలానికి వేలాడదీయకండి, అమ్మకండి. మీరూ ఓ సైకిలు తీసి పిల్లతోపాటు బడిదాకా వెళ్లి రండి, మా ఇంటి ముందు నుంచి వెళితే నేనూ వస్తాను. పదిమంది పెద్దవాళ్లు రోడ్డు మీద కనిపిస్తే లారీవాడు తనంతట తానే నెమ్మదిస్తాడు.

ఇవేవీ ఇప్పటికిప్పుడు కుదరవంటే కనీసం ఒక్కటి చెయ్యండి. బడి మొదలయ్యే గంట, వదిలే గంట, ఆ రెండు గంటలు ఊళ్లోకి లారీలు రానివ్వకండి. ఈ జూన్‌లో బడులు తెరిచిన రోజు నుంచే.